మేస్త్రీ మెడా, మచ్చలేని సీలింగూ

"వ్యాను గుద్దింది, నేను కదల్లేదు. అంతే. అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికేం లేదు" అన్నాడు మేస్త్రీ, టీ గ్లాసు బల్ల మీద పెట్టి.

మేస్త్రీ ఇంత వినయంగా మొదలుపెట్టాడంటే గంటకి తక్కువ కాదని టీ కొట్టులో అందరికీ తెలుసు. పక్క కొట్టు టైలరు కుడుతున్న చొక్కా మిషను మీదే వదిలేసి వచ్చి బెంచీ చివర సర్దుకు కూర్చున్నాడు. టీ కొట్టు పెద్దమ్మ పొయ్యి మంట తగ్గించింది. మేస్త్రీ కోతలు కోస్తున్నంతసేపూ జనం లేవరు, లేవనంతసేపూ టీ తాగుతూనే ఉంటారు, అందుకని ఆవిడ ఆయన్ని ఏనాడూ ఆపలేదు.

మేస్త్రీ అంటే రంగుల మేస్త్రీ. ముప్పయ్యేళ్లుగా ఇళ్లకి రంగులేయిస్తున్నాడు, తనూ వేస్తున్నాడు. గోడకి ఎవడైనా రంగేస్తాడు, సీలింగుకి వేసేవాడే మేస్త్రీ అనేది ఆయన మాట. సీలింగు పూర్తయ్యాక గది మధ్యలో నిలబడి, తల వెనక్కి వాల్చి, నెమ్మదిగా ఒక్క చుట్టు తిరిగేవాడు. రోలరు సరిగ్గా తగలని చోటు గోరంత ఉన్నా ఆ చూపుకి దొరికిపోయేది. దాన్ని ఆయన మచ్చ అంటాడు. ఆయన "మచ్చ లేదు" అన్నాకే నిచ్చెనలు బయటికెళ్లేవి. కోతల సంగతి ఎలా ఉన్నా, ఆ ఒక్క మాట మాత్రం ఎవరూ కాదనలేదు.

ఆయనకి ఎదురుగా రిటైరైన గుమాస్తా గారు ఒళ్లో అట్ట, అట్ట మీద ఫారం పెట్టుకుని, కలం మూత తీసి కూర్చున్నారు. ఆయన పక్కన బావమరిది. అంటే మేస్త్రీ భార్యకి తమ్ముడు, ముప్పై దాటినవాడు, మేస్త్రీ దగ్గరే పని నేర్చుకుని మేస్త్రీ దగ్గరే చేస్తున్నవాడు. అతని చూపు ఫారం మీదా గోడ గడియారం మీదా తిరుగుతోంది. టైము మూడున్నర.

సంగతేమిటంటే, అయిదు నెలల కిందట ఒక పాల వ్యాను వెనకనుంచి గుద్ది మేస్త్రీ మెడ పాడైంది. ఆ వ్యానుకి ఇన్సూరెన్సు ఉంది. నష్టపరిహారం కోసం ఇంట్లోవాళ్లు అర్జీ పెట్టించారు. అర్జీతో పాటు వచ్చిన ఫారంలో 'ప్రమాదం వల్ల ఇప్పుడు చేయలేకపోతున్న పనులు' అని ఒక గడి ఉంది. ఆ గడిలో మేస్త్రీ ఎవర్నీ అడక్కుండా, తన చేత్తో, షాపు బోర్డు మీద రాసినంత అందంగా 'ఏమీ లేవు' అని రాసి పంపేశాడు. కంపెనీవాళ్లు ఎంతో మర్యాదగా జవాబు రాశారు. ఏమీ నష్టం లేదని మీరే అంటున్నారు గనక సంతోషం, ఇంకేమైనా చెప్పదలిస్తే ఫలానా తేదీ సాయంత్రం అయిదులోపు చెప్పండి, లేదంటే ఫైలు మూసేస్తాం అన్నారు. ఆ తేదీ ఇవాళే.

ఇంకో మూడు నెలలు వైద్యం, వ్యాయామం చేయిస్తే మెడ చాలామటుకు దారికొస్తుందని డాక్టరు చెప్పాడు. చేతిలో ఉన్నది అయిపోయాక వైద్యం సగంలో ఆగింది. పరిహారం వస్తే మళ్లీ మొదలుపెట్టొచ్చు, రాకపోతే మెడ ఇలాగే బిగుసుకుపోతుంది. "ఇవాళ సంతకం పెట్టించకుండా ఇంటికి రాకురా" అని పొద్దున అక్క గుమ్మంలో నిలబడి మరీ చెప్పింది. అసలు మెడ ఎంతవరకు పాడైందో అక్కకి తెలుసు, బావమరిదికి తెలుసు. మూడోవాళ్లకి చెప్పనని బావమరిది బావ చేతిలో చెయ్యేసి మాటిచ్చాడు. ఆ మాటే ఇప్పుడు అడ్డంపడింది.

"కదలకపోతే మరి దెబ్బెలా తగిలింది?" అన్నారు గుమాస్తా గారు, కలం ఫారం మీద ఆనించి.

"అదే కదా చెప్తున్నది. రెడ్ లైటు పడింది, మా రంగు డబ్బాల బండి ఆగింది, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను. వెనకనుంచి పాల వ్యాను ధన్‌మని గుద్దింది. మా డ్రైవరు స్టీరింగు మీద పడ్డాడు. నేను పడలేదు. నా మెడ ఒక్కటే వెనక్కి వెళ్లి ముందుకొచ్చింది. వెళ్లింది మెడ, నేను కాదు, ఆ తేడా గమనించండి. ఆ వెనక్కి వెళ్లిన రెప్పపాటులో ఏం చేశానో తెలుసా? పాల వ్యాను నంబరు చదివేశాను. తలకిందులుగా. దాన్ని మళ్లీ మనసులో తిరగేసి సరిచేసుకుని, డ్రైవరు మొహం కూడా ఓసారి చూసి, వీడు రెండ్రోజులుగా గడ్డం గీసుకోలేదు, నిద్ర కూడా లేదు అనుకునేసరికి మెడ ముందుకొచ్చేసింది."

"పాలు చిక్కగా ఉన్నాయో నీళ్లగా ఉన్నాయో చూడలేదా?" అన్నాడు టైలరు.

"చూశాను. నువ్వు తాగేవాడివి కాదుగా, నీకెందుకని చెప్పలేదు."

ఈ జవాబు చెప్పడానికి మేస్త్రీ తల తిప్పలేదు. భుజాలు, నడుము, మోకాళ్లు, మొత్తం మనిషే బెంచీ మీద టైలరు వైపు తిరిగాడు. అందరికీ అది దర్జాగా కనిపించింది. బావమరిది మాత్రం కళ్లు దించుకున్నాడు.

"ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఎక్స్‌రే తీశారు. డాక్టరు ఆ ఫిల్ము లైటుకి పెట్టి చూసి, కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. దీన్ని విప్‌లాష్ అంటారు, మెడ కొరడాలా ఊగింది, ఇంకొకడైతే తల పోయి పాల వ్యానులో పడేది అన్నాడు. పట్టీ వెయ్యమన్నాడు. వేశారు. నేను కాస్త గట్టిగా గుటక వేశాను, టప్‌మని ఊడింది. ఇంకోటి వేశారు, అదీ ఊడింది. మందుల షాపులో ఉన్న పట్టీలన్నీ అయిపోయాయి. ఆ తర్వాత ఏమైందో తెలుసా? గుర్రాల డాక్టరుకి ఫోను చేసి అక్కణ్నుంచి తెప్పించారు."

"ఆ గుర్రాల డాక్టరు బిల్లు ఉందా? ఉంటే జతచేయాలి" అన్నారు గుమాస్తా గారు. ఆయన నలభయ్యేళ్లు కాగితాల మధ్య బతికిన మనిషి, హాస్యం ఆడుతున్నారో అడుగుతున్నారో మొహం చూసి చెప్పలేం.

"ఆయన నా దగ్గర డబ్బు తీసుకుంటాడా? ఇంత మెడ నా సర్వీసులో గుర్రానికి కూడా చూడలేదు, కొలతలు రాసుకోనివ్వండి చాలు అన్నాడు."

పెద్దమ్మ అందరికీ ఇంకో విడత టీ పోసింది. మేస్త్రీ గ్లాసు పైకి లేపి గడ్డం దగ్గర వంచి, పెదవులు ముందుకు చాచి, చుక్క చుక్కగా పీల్చాడు. టీ ఇలా తాగితేనే రుచి అని ఆయన ఈమధ్య అందరికీ చెబుతున్నాడు. నమ్మి టైలరు కూడా అలాగే తాగుతున్నాడు.

"తర్వాత బరువులు కట్టారు. గడ్డం కింద పట్టీ వేసి, దానికి తాడు కట్టి, తాడుని కప్పీ మీదుగా తీసి చివర బరువు వేలాడదీస్తారు. మామూలు మనుషులకి మూడు కిలోలు. నాకు మూడు కడితే నిద్రొచ్చింది. అయిదన్నారు, పదన్నారు, వార్డులో ఉన్న బరువులన్నీ అయిపోయాయి. చివరికి క్యాంటీన్‌లోంచి నిండు గ్యాసు సిలిండరు మోసుకొచ్చి కట్టారు. ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

"మెడ సాగింది" అన్నాడు టైలరు.

"మెడ సాగితే ఇందులో చెప్పడానికేముంది? నాకు దగ్గొచ్చింది. ఒక్క దగ్గు. సిలిండరు లేచి వెళ్లి కప్పీకి తగిలింది, కప్పీ ఊడింది, కప్పీతో పాటు గోడలో కొక్కెం, కొక్కెంతో పాటు సీలింగు పెచ్చు ఇంతది ఊడి పక్కన పడింది. చూస్తే ఏముంది, లోపల పుట్టీయే పెట్టలేదు. ఎవడో దిక్కుమాలిన పనివాడు. అలా పడుకునే పుట్టీ తెప్పించి, పడుకునే అతికించి, పడుకునే రెండు కోటింగులు వేసి వచ్చాను. కావాలంటే వెళ్లి చూసుకోండి, ఆ ఆసుపత్రి మొత్తంలో మచ్చలేని చోటు అదొక్కటే."

బెంచీ మీద నవ్వులు. బావమరిది కూడా నవ్వాడు గానీ అతని కళ్ల ముందు వేరే మంచం ఉంది. నిజానికి కట్టింది మూడు కిలోలే. మొదటి రోజు బావ పళ్లు బిగబట్టి పడుకున్నాడు. రెండో రోజు కళ్ల చివరనుంచి నీళ్లు చెవుల్లోకి కారాయి. తల కదపకూడదు గనక తుడుచుకోవడానికి లేదు. బావమరిదే తువ్వాలుతో తుడిచాడు. ఆ సంగతి ఆ రోజూ మాట్లాడుకోలేదు, ఆ తర్వాతా మాట్లాడుకోలేదు.

"బరువులు రాసుకోనా?" అన్నారు గుమాస్తా గారు.

"ఆగండి, వ్యాయామం వినండి ముందు. అక్కడొక అమ్మాయి ఉంది, చక్రాల స్టూలు మీద కూర్చుని, నా నుదుటికి అరచెయ్యి ఆనించి, అంకుల్, నా చేతిని మీ తలతో కొంచెం నెట్టండి అంది. కొంచెమా, పూర్తిగానా అని అడిగాను. మీ ఇష్టం అంది. తప్పు నాది కాదు. నెట్టాను. స్టూలు బయల్దేరింది. గది దాటింది, వరండా దాటింది, ఎదురొచ్చిన నర్సుకి గుడ్ మార్నింగ్ చెప్పి దాటింది, లిఫ్టు తలుపు తెరిచి ఉంటే అందులోకి వెళ్లింది, లిఫ్టు కిందికి దిగింది. ఆ పిల్ల పార్కింగులోంచి ఫోను చేసి, అంకుల్, ఇవాళ్టికి చాలు అంది."

"ఫీజు నువ్వే పుచ్చుకుని ఉంటావు" అంది పెద్దమ్మ.

"అడగలేదమ్మా. చదువుకున్న పిల్ల, పోనీలే అనుకున్నాను." మేస్త్రీ చొక్కా జేబులోంచి గుండ్రటి చిన్న అద్దం తీసి, ముందు పట్టుకుని, మీసం ఓసారి దువ్వుకుని మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

"ఈమధ్య మీసం మీద శ్రద్ధ ఎక్కువైంది మేస్త్రీకి. అద్దం లేకుండా గడప దాటట్లేదు" అన్నాడు టైలరు.

"పెద్ద పెద్ద ఆఫీసర్లు చూడ్డానికి వస్తుంటే మీసం దువ్వుకోవద్దా? మొన్న ఇన్సూరెన్సు ఆఫీసరు వచ్చాడు, సూటూ బూటూ వేసుకుని. మీ మెడ ఎంత తిరుగుతుందో చూడాలి అన్నాడు. చూడండి అన్నాను. కుడికి తిప్పాను. ఆ విసురుకి బల్ల మీద కాగితాలు లేచాయి. ఎడమకి తిప్పాను, కిటికీ తలుపులు కొట్టుకున్నాయి. ఆయన కూడా నా మొహంతో పాటు అటూ ఇటూ చూస్తున్నాడు పాపం, కుడీ ఎడమా, కుడీ ఎడమా. నాలుగోసారికి కటుక్‌మంది. నాది కాదు. ఆయనది. ఇప్పుడు ఆయన మెడకి పట్టీ. నా మీద నష్టపరిహారం దావా వేస్తానంటున్నాడట."

గడియారం నాలుగూ ఇరవై. ఇన్సూరెన్సు ఆఫీసు రెండు వీధుల అవతల ఉంది.

"బావా, ఇక ఫారం సంగతి చూద్దాం" అన్నాడు బావమరిది.

"చూద్దాంరా, ఎక్కడికి పోతుంది. అసలు ముక్క చెప్పలేదు ఇంకా." మేస్త్రీ గొంతు పెరిగింది. ఎదటి కొట్టు గుమ్మంలో నిలబడ్డవాళ్లు కూడా ఇటు తిరిగారు. "ఈ మెడ ఇప్పుడు ముందుకంటే బాగుంది, అది వినండి. ముందు తల వాలిస్తే సీలింగు కనిపించి ఆగిపోయేది. ఇప్పుడు ఆగట్లేదు. చుట్టూ తిరిగి, వెనకున్న గోడ, గోడ కింద నేల, నేల మీద నా చెప్పుల మడమలు, అన్నీ వరసగా కనిపించి మళ్లీ ముందుకొస్తోంది. మొన్న ఏడంతస్తుల భవనం. లిఫ్టు పనిచెయ్యట్లేదు. ఎవడెక్కుతాడు? వీధిలో నిలబడి, ఇలా వాల్చి ఒక్క చుట్టు తిరిగాను. నాలుగో అంతస్తు వంటగదిలో, పొయ్యి పైన సీలింగుకి మచ్చ ఉందిరా అన్నాను. వెళ్లి చూశారు, ఉంది. అంతెందుకు, ఈ టీ కొట్టు సీలింగు. యాక్సిడెంటు తర్వాత నేను పట్టిన మొదటి సీలింగు ఇది. ఒక్క ఊపిరిలో వేశాను. ఊపిరి వదిలేసరికి ఆరిపోయింది కూడా."

గుమాస్తా గారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"మేస్త్రీ గారూ, నేను మీరు చెప్పిందే రాయాలి, చెప్పనిది రాయకూడదు. చేయలేకపోతున్న పనులు అని గడి ఉంది. గంటనుంచి వింటున్నాను. మీరు చెప్పినదాన్ని బట్టి ఈ గడిలో 'ఏమీ లేవు' అనే రాయాలి. రాసేయనా?"

మేస్త్రీ ఒక్క క్షణం ఫారం వంక చూశాడు. బావమరిది ఆ క్షణాన్ని గట్టిగా పట్టుకున్నాడు. ఇప్పుడు చెప్తాడు, చెప్పేస్తాడు అనుకున్నాడు. మేస్త్రీ బెంచీ నిండా ఉన్న జనాన్ని, ఎదటి గుమ్మంలో ఉన్న జనాన్ని చూశాడు.

"రాసేయండి" అన్నాడు. "ఉన్నమాటే కదా."

గుమాస్తా గారు నిట్టూర్చి రాశారు. కింద సంతకం చోటు చూపించి కలం అందించారు. మేస్త్రీ కలం పుచ్చుకున్నాడు.

బావమరిది బెంచీ అంచుకి జరిగాడు. మాటిచ్చాడు, నోరు విప్పకూడదు. నోరు విప్పకపోతే అక్క గుమ్మంలో నిలబడి ఉంటుంది. నలుగురిలో బావ పరువు తీసి, రేపు ఏ మొహం పెట్టుకుని ఆయన పక్కన నిచ్చెన పట్టుకుంటాడు? తల తిప్పి ఆ కొట్టు నాలుగు గోడలూ చూశాడు, పైకి చూశాడు. అప్పుడు తట్టింది. మెడ గురించి చెప్పనని మాటిచ్చాడు. సీలింగు గురించి ఏ మాటా ఇవ్వలేదు.

"బావా, ఆ మూల మచ్చ ఉండిపోయింది" అన్నాడు.

కలం ఆగింది.

"ఏ మూల?"

"పొయ్యి పైన. అక్కడ రోలరు నేనే వేశాను. ఆరాక కనిపించింది. తిడతావని చెప్పలేదు."

టైలరు తల ఎత్తి చూశాడు. పెద్దమ్మ గరిటె పట్టుకునే తల ఎత్తింది. గుమాస్తా గారు కళ్లజోడు పైనుంచి చూశారు. ఎదటి గుమ్మంలోవాళ్లు వీధి దాటి లోపలికొచ్చి మరీ చూశారు. ఆ కొట్టులో తల ఎత్తనిది ఒక్క మేస్త్రీయే.

ఆయన కలం బల్ల మీద పడేసి లేచాడు. చెయ్యి తనంతట తానే జేబులోకి వెళ్లింది. గుండ్రటి అద్దం బయటికొచ్చింది. బొటనవేలితో దాన్ని తుడిచి, గడ్డం కింద వెల్లకిలా పట్టుకుని, చూపు అద్దంలోకి దించి, పొయ్యి దగ్గరికి నడిచాడు. అక్కడ నిలబడి, పాదాలు కొంచెం కొంచెం జరుపుకుంటూ, నెమ్మదిగా, ఒక్క చుట్టు తిరిగాడు. అద్దంలో సీలింగు ముక్క ముక్కగా జరిగింది. మూలలు చూశాడు, ఫ్యాను కొక్కెం చుట్టూ చూశాడు, వెలుతురు పడని చోట అద్దం వంచి మళ్లీ చూశాడు.

"మచ్చ లేదు" అన్నాడు. ముప్పయ్యేళ్లుగా అన్న గొంతుతోనే అన్నాడు.

సీలింగు మీద ఉన్న చూపులన్నీ దిగి ఆయన మీదా ఆయన చేతిలో అద్దం మీదా ఆగాయి. అప్పుడు తెలిసింది మేస్త్రీకి. అద్దం దాచుకోబోయి, ఇక దాచి లాభం లేదని ఊరుకున్నాడు. టైలరు ఖాళీ గ్లాసులోకి చూసుకున్నాడు.

మేస్త్రీ మొత్తం మనిషి బావమరిది వైపు తిరిగాడు.

"మచ్చ లేదని నీకు తెలుసు."

"తెలుసు బావా."

"మరెందుకన్నావ్?"

"అద్దం తీస్తావని."

మేస్త్రీ మొహం ఎర్రబడింది. కోపమో సిగ్గో ఆయనకే తెలియలేదు. బావమరిది తల దించుకోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నా చూపు తిప్పలేదు.

"పైకి చూడలేకపోతున్నావా నాయనా?" అంది పెద్దమ్మ. ఆవిడ అడిగిన తీరులో వెటకారం లేదు, జాలి కూడా లేదు. టీలో చక్కెర సరిపోయిందా అని అడిగినట్టు అడిగింది.

"చూస్తున్నాగా" అన్నాడు మేస్త్రీ. కాసేపాగి, "అద్దంలో" అన్నాడు.

గుమాస్తా గారు ముందు జాగ్రత్తగా ఇంకో ఖాళీ ఫారం తెచ్చుకునే ఉన్నారు. పాతది మడిచి పక్కన పెట్టి, కొత్తది అట్ట మీద పరిచి, రాస్తూ పైకి చదివారు. "తల వెనక్కి వాల్చలేరు. పక్కకి తిప్పాలంటే ఒళ్లంతా తిప్పాలి. సీలింగుకి రంగు వేయలేరు. అయిదు నెలలుగా ఆ పని బావమరిది చేస్తున్నాడు." ఆగి, "ఇందులో అబద్ధం ఉందా?" అని అడిగారు.

మేస్త్రీ చాలాసేపు ఆ కాగితం వంకే చూశాడు. తన గురించి అంత చిన్న చిన్న మాటలు ఆయన ఎప్పుడూ వినలేదు.

"లేదు" అన్నాడు. "కింద ఇంకా చోటుంది కదా గుమాస్తా గారూ. అద్దంలో చూసినా ఒక్క మచ్చ కూడా వదల్లేదని రాయండి. అదీ నిజమే."

"నిజమే. రాస్తే మళ్లీ మీకేం నష్టం లేదంటారు వాళ్లు."

మేస్త్రీ ఆలోచించాడు. ఈ సాయంత్రం మొత్తంలో ఆయన చెప్పుకున్న గొప్పల్లో నిజమైనది అదొక్కటే. కాగితం మీదికి ఎక్కకూడనిదీ అదొక్కటే. అది మింగడం మూడు కిలోల బరువుకంటే కష్టంగా ఉంది.

"అయితే వద్దులెండి" అని సంతకం పెట్టాడు. ఈసారి షాపు బోర్డులా కాదు, మామూలుగా.

అయిదుకి పావుగంట తక్కువ. బావమరిది ఫారం చొక్కా లోపల పెట్టుకుని గుమ్మం దాకా వెళ్లి, వెనక్కి తిరిగి బావ వంక చూశాడు.

"పో, టైమవుతోంది" అన్నాడు మేస్త్రీ. తర్వాత కొంచెం తగ్గి, "ఆ మూల రోలరు బాగా వేశావురా" అన్నాడు.

పదిహేనేళ్లలో బావ నోట ఆ మాట వినడం అదే మొదటిసారి. బావమరిదికి ఒక్కసారిగా ఒళ్లు తేలికైంది, ఛాతీ కూడా కాస్త పొంగింది. పరుగు తీయబోతుంటే వెనకనుంచి టైలరు గొంతు వినిపించింది.

"నిజంగా అద్దంలో చూసే పట్టేస్తున్నావా మేస్త్రీ, ఇంత సీలింగూ?"

"అద్దంలో చూశాను. అంతే" అన్నాడు మేస్త్రీ, బెంచీ మీద కూర్చుంటూ. "అంతకంటే గొప్పగా చెప్పుకోవడానికేం లేదు."

పెద్దమ్మ చెయ్యి చాచి పొయ్యి మంట తగ్గించింది.